నాలుగింటికి సంతకం

గేటు దిగుతోంది.

పెర్సిస్ స్కూటీ ఆపడం లేదు.

ఏలూరు, పవర్‌పేట రైలు గేటు. మే నెల, మిట్టమధ్యాహ్నం. అటు ఆటోలు, ఇటు సైకిళ్లు, అన్నీ ఆగిపోయాయి. ఆమె ఒక్కతే తల వంచి, దిగుతున్న కర్ర కింద నుంచి దూసుకుపోతోంది. కర్ర వీపుకు రాసుకుంది.

"ఏమ్మా, ఇంట్లో చెప్పే వచ్చావా?" గేట్‌మన్ అరుస్తున్నాడు.

రెండో కర్ర ఇంకా సగంలోనే ఉంది...

దాటేసింది!

వెనకాల రైలు కూత. ఆమె తిరిగి చూడదు. చేతి గడియారం చూస్తుంది. ఒంటి గంటకి పది నిమిషాలు.

ఒక చేత్తో హ్యాండిల్. ఒక చేత్తో ఫోన్.

"మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం..."

మళ్లీ నొక్కుతుంది. అదే గొంతు.

"ఎత్తరా ప్రభుదాసూ... ఎత్తు."

తమ్ముడు ఎత్తడు.

పొద్దున్న తొమ్మిదింటికి తనే వాడికి ఫోన్ చేసింది. తన నోటితోనే చెప్పింది.

"లిడియా ఇవాళ నాలుగింటికి గూడెం చేరకూడదు. ఎలా ఆపుతావో నాకు తెలీదు. అసలు మళ్లీ కనపడకపోయినా నాకేం ఫర్వాలేదు."

"సరే అక్కా."

అంతే అన్నాడు.

ప్రభుదాసుకి మాటలో కోపమెంతో, నిజమెంతో విడదీయడం రాదు. వీధికుక్క నిద్ర పోనివ్వడం లేదని ఒకసారి వాడి దగ్గర విసుక్కుంది. మర్నాటి నుంచి కుక్క లేదు. ఏం చేశావురా అని ఆమె అడగలేదు. వాడు చెప్పలేదు.

స్కూటీ హైవే ఎక్కింది. లారీల మధ్య నుంచి... ఇంకా వేగం... ఇంకా.

ఇదంతా ఒక వెబ్‌సైట్ కోసం.

'ఘాటు అంగడి'. నాలుగేళ్ల క్రితం, రెండు వేల నాలుగులో, భర్త సుకుమార్ తన ఇంటర్నెట్ సెంటర్లో మొదలుపెట్టాడు. పచ్చళ్లు, కారప్పొడులు చేసే ఆడవాళ్లు తమ సరుకు అందులో పెడతారు. బెంగళూరులో, హైదరాబాదులో హాస్టలు పిల్లలు ఆర్డరిస్తారు. కామవరపుకోట నుంచి కొల్లేరు లంకల దాకా అరవై రెండు మంది. ప్రతి గుమ్మం ఎక్కి, ప్రతి జాడీ రుచి చూసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చింది పెర్సిస్. కారానికి నాలుక పొక్కిపోయింది.

పేరు లిడియాకి వచ్చింది.

లిడియా బడిలో టీచరు. సాయంత్రాలు వచ్చి, కొనేవాళ్ల ఉత్తరాలకి కంప్యూటర్లో జవాబులు కొట్టేది. సైట్లో ఎవరి పచ్చడి ఎక్కువ పోతే వాళ్ల పేరు పైకి వస్తుంది. లిడియా రొయ్యల పచ్చడి ఒకటో నంబరు. పెర్సిస్ మాగాయ నాలుగు. పేపరువాళ్లు వచ్చి ఫొటో తీశారు. లిడియా నడుమ, పక్కన పెర్సిస్. మర్నాడు చూస్తే అచ్చయింది పెర్సిస్ మోచెయ్యి మాత్రమే.

ఇంట్లో సుకుమార్ కూడా అంతే. ఆమెని 'లిడియా గారు' అంటాడు. పెళ్లాన్ని 'ఇదిగో' అంటాడు.

ఇవాళ సైట్‌ని హైదరాబాదు కంపెనీ కొంటోంది. తాడేపల్లిగూడెం హోటల్లో నాలుగింటికి సంతకాలు. ఒప్పందం కాగితం నిన్న సాయంత్రం కంప్యూటర్లో కనపడింది. అమ్మేవాళ్లు ఇద్దరు.

సుకుమార్. లిడియా.

ఇంకో పేరు కోసం పెర్సిస్ కిందికి, పైకి, మళ్లీ కిందికి వెతికింది.

లేదు.

అందుకే తొమ్మిదింటికి ఆ ఫోన్.

కానీ పన్నెండున్నరకి స్టీలు డబ్బా మూత తీసింది...

పోయిన వారం సుకుమార్ పోరు పెడితే లిడియాకి పులిహోర పంపిన డబ్బా అది. బుధవారం తిరిగి వచ్చింది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపరు. చెంచాడు పంచదారో, ఒక నిమ్మకాయో వేస్తారు. లిడియా తన రొయ్యల పచ్చడే పెట్టి ఉంటుంది. ఒకటో నంబరు పచ్చడి, తన ఇంట్లో! పెర్సిస్ మూత ముట్టుకోలేదు. డబ్బా మూడు రోజులు అలమర మీదే ఉంది.

ఇవాళ తోముదామని తీస్తే పచ్చడి లేదు. మడత పెట్టిన స్టాంపు కాగితం ఉంది. దానికి గుండుసూదితో చిన్న చీటీ.

'పెర్సిస్ అక్కా, మీరు నాతో మాట్లాడడం లేదు కాబట్టి ఇలా పంపుతున్నాను. అప్పట్లో సుకుమార్ గారికి క్రెడిట్ కార్డు లేదని సైట్ పేరు నా కార్డు మీద కొన్నాం. అందుకే ఒప్పందంలో నా పేరు వచ్చింది. నా హక్కు మీకు రాసిచ్చాను. ఈ కాగితం తెస్తే నా బదులు మీ సంతకం చాలని కంపెనీ లాయరు గారు చెప్పారు. ఊళ్లన్నీ తిరిగిన కాళ్లు మీవి. శనివారం నాలుగింటికి సంతకం మీరే పెట్టాలి.'

కింద లిడియా సంతకం. ఇద్దరు సాక్షులు.

ఆ కాగితం ఇప్పుడు జాకెట్టులో ఉంది. చెమటకి తడుస్తోంది.

ఫోన్ మోగుతుంది. సుకుమార్.

"ఇదిగో, ఎక్కడున్నావ్? కంపెనీ వాళ్లు వచ్చేశారు. లిడియా గారి ఫోన్ పలకడం లేదు."

"వస్తారులెండి."

"మీ తమ్ముడి బండెక్కి వెళ్లారని పక్కింటావిడ చెప్పింది. వాడితో ఆవిడకి పనేంటి? నీకేమైనా తెలుసా?"

లారీ హారన్. పక్కకి ఒరుగుతుంది. చక్రం మట్టిలోకి దిగి, మళ్లీ తారు మీదికి ఎక్కుతుంది.

"నాకేం తెలుసండీ," అని పెట్టేస్తుంది.

భీమడోలు సెంటరు.

నేరుగా వెళ్తే తాడేపల్లిగూడెం. కుడికి తిరిగితే కొల్లేరు, ప్రభుదాసు చేపల చెరువు. మనిషిని దాచడానికి వాడికి ఇంకో చోటు లేదు.

స్కూటీ ఆగింది.

కాగితం తన దగ్గరే ఉంది... లిడియా లేకపోయినా పని అయిపోతుంది.

ఆ ఆలోచన మెల్లగా, చల్లగా వచ్చింది. చెరుకురసం బండి నీడలో నిలబడి పెర్సిస్ దాన్ని పూర్తిగా ఆలోచించింది. ముప్పావు గంటలో హోటలు. మొహం కడుక్కుని, చీర సర్దుకుని, పెన్ను అందుకుని... ఈసారి ఫొటో నడుమ తను.

"రసం కొట్టమంటారాండీ?" బండతను అడిగాడు.

"వద్దండీ."

"సరేనండి. నీడ ఊరికేనండీ, నిలబడండి."

నిలబడింది. ఒక నిమిషం.

ఆ నిమిషం సంగతి ఎవరికీ చెప్పదు.

కుడికి తిప్పింది.

అగడాలలంక. రోడ్డు వారన ఎండుచేపల చాపలు. చాపల పక్కన గొడుగు వేసుకుని కూర్చున్న రత్నమాణిక్యం లేచి చేతులు అడ్డం పెడుతుంది. సైట్లో చేపల కారం అమ్మే మనిషి.

"ఆగండి, ఆగండి. ఏంటండీ ఇవాళ వరసాగ్గా వస్తున్నారు? పొద్దున్నేమో లిడియమ్మ గారు, ఇప్పుడేమో మీరు."

"ఎటు వెళ్లింది?"

"మీ తమ్ముడు గారి చెరువు కేసేనండీ. బండి మీంచే చెయ్యూపారు. ఆవిడ మొహం చూస్తే కడుపు నిండిపోద్దండీ." ముసలామె నవ్వింది. "మీది ఇంకా నాలుగో నంబరేనాండీ? దిగులు పడకండి. నాది నలభై."

అంత భయంలోనూ 'నాలుగో నంబరు' అన్న మాట పెర్సిస్‌కి గుచ్చుకుంది. అయినా, యాక్సిలరేటరు తిప్పి బండిని ముందుకు ఉరికించింది.

తారు రోడ్డు అయిపోయింది. చెరువు గట్టు. ఎండిన నల్లమట్టి. పగుళ్లలో చక్రం ఎగిరెగిరి పడుతోంది. రెండు పక్కలా నీళ్లు, కళ్లు పొడిచే ఎండ. దూరంగా రేకుల షెడ్డు.

ఢాం!

తుపాకి.

నీటి మీంచి పక్షులు నల్లగా లేచాయి.

"ప్రభువా..." స్కూటీ జారింది. మోకాలు మట్టికి కొట్టుకుంది. లేచింది. బండి లేపింది. స్టార్టు కాదు. మళ్లీ. కాదు. మళ్లీ...

అయింది.

షెడ్డు ముందు ప్రభుదాసు నిలబడి ఉన్నాడు. లుంగీ, తలకి తువ్వాలు, చేతిలో రెండు గొట్టాల తుపాకి. పక్కన అతని మోటారుసైకిలు.

"ఎవర్ని కాల్చావురా?"

"నీటికాకులక్కా. పిల్ల చేపల్ని మింగేస్తున్నాయి." ఆమె మోకాలు చూశాడు. "పడ్డావా?"

"లిడియా ఏది?"

"నాలుగు కాలేదు కదక్కా."

"ఏదిరా?"

గడ్డంతో షెడ్డు చూపించాడు.

తలుపుకి గొలుసు. తాళం లేదు. పెర్సిస్ గొలుసు లాగుతుంది. లోపల చీకటి, తవుడు వాసన. బస్తాల మధ్య నుంచి ఒక మనిషి లేస్తోంది. జుట్టంతా తవుడు. కాళ్లకి ఒకటి నీలం చెప్పు, ఒకటి నల్ల చెప్పు.

"వచ్చారా అక్కా."

లిడియా వచ్చి గట్టిగా పట్టుకుంది. వదలదు.

"మీరు పిలుస్తున్నారన్నాడక్కా. ఎవరో కొత్తగా కొరమీను పచ్చడి పెట్టారు, సంతకాలకి ముందు ఇద్దరం కలిసి రుచి చూద్దామన్నారని. మీరు మాట్లాడతానన్నారంటే చెప్పులు కూడా చూసుకోకుండా బండెక్కేశాను. తీరా వచ్చాక ఫోన్ లాక్కుని చెరువులో విసిరేశాడు. ఎందుకక్కా? నేనేం చేశాను ఇతన్ని?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పేయాలి.

"వాడికి బుద్ధి లేదు," అంది పెర్సిస్. "వాడి సంగతి తర్వాత చూద్దాం. ఎక్కు. ఇంకా టైముంది."

చెబుతూ లిడియా భుజం మీంచి తమ్ముడికి కనుసైగ చేసింది. నోరెత్తకు.

ప్రభుదాసు తుపాకి గోడకి ఆనించాడు. మొహం చిన్నబోయింది.

"అలా కళ్లు తిప్పుతావేంటక్కా? పొద్దున్న ఫోన్ చేసి ఆపమంది నువ్వే కదా."

లిడియా చేతులు వదులయ్యాయి.

గట్టు కింద నీళ్లలో ఒక చేప ఎగిరి పడింది.

"ఎప్పుడు చేశారక్కా ఫోన్?"

"లిడియా, నేను కోపంలో..."

"ఎప్పుడు?"

"తొమ్మిదింటికి."

"డబ్బా ఎప్పుడు తెరిచారు?"

"పన్నెండున్నరకి."

"నేను బుధవారం పంపాను." లిడియా గొంతు పెరగలేదు. బడిలో లెక్క తప్పిన పిల్లతో మాట్లాడినట్టే ఉంది. "మూడు రోజులు మూత తియ్యలేదు. ఎందుకక్కా?"

పెర్సిస్ నేల చూసింది. "నీ పచ్చడి ఉంటుందనుకున్నాను."

నవ్వు వచ్చినట్టు లిడియా పెదవి కదిలింది, కానీ నవ్వు రాలేదు.

"కాగితం తెచ్చారా?"

పెర్సిస్ జాకెట్టులోంచి తీసి చేయి చాపింది.

"చేతికివ్వకండి. కింద పెట్టండి."

కారం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇస్తే గొడవలు వస్తాయని ఆ వైపు ఇళ్లల్లో పొట్లాన్ని ఇలాగే కింద పెట్టి తీసుకోమంటారు. పెర్సిస్ వంగి కాగితాన్ని షెడ్డు గోడ పక్కన పెట్టి, వెనక్కి జరిగింది.

లిడియా వంగింది.

లేచేటప్పటికి ఆమె చేతిలో కాగితంతో పాటు తుపాకి కూడా ఉంది.

"అక్కా, జాగ్రత్త," ప్రభుదాసు అన్నాడు. ఏ అక్కతో అన్నాడో తెలియదు. "రెండో గొట్టంలో ఇంకా మందు ఉంది."

"తెలుసు. ఒక్కటే పేలింది, లోపల్నుంచి విన్నాను." తుపాకి మడమ భుజానికి ఆనింది. వణుకు లేదు. "మా నాన్న కూడా చెరువు కాపలాదారే. పదేళ్లకే నేర్పాడు."

"లిడియా..." పెర్సిస్ ఒక అడుగు వెనక్కి వేసింది. "నేను నిన్ను విడిపించడానికే వచ్చాను. కాగితం దగ్గరుండి కూడా గూడెం వెళ్లకుండా ఇటు వచ్చాను."

"వెళ్దామనుకోలేదా?"

పెర్సిస్ తల పక్కకి తిప్పుకుంది.

"ఒక్కసారి కూడా అనుకోలేదా అక్కా?"

ఎండలో చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

లిడియా పళ్లతో, చేత్తో కాగితాన్ని రెండుగా చింపింది. సగం ఇటు, సగం అటు రాలాయి.

"స్కూటీ తాళం కింద పెట్టండి. ఫోన్ కూడా. ఇద్దరూ లోపలికి నడవండి. అరవై రెండు మంది ఎదురు చూస్తున్నారు, నా సంతకం నేనే పెట్టుకుంటాను."

"లిడియా, ఒక్క మాట..."

"ఇన్నాళ్లూ మాట్లాడలేదు కదక్కా. ఇంకో రెండు గంటలు ఆగండి."

తలుపు మూసుకుంది. గొలుసు పడింది.

చీకటి. తవుడు వాసన. బయట ఫోన్ మోగుతోంది.

పెర్సిస్ రేకుల సందుకి కన్ను ఆనించింది.

"సుకుమార్ గారూ, నేనేనండీ, లిడియాని." ఎప్పటిలాగే మెత్తని గొంతు. "బయల్దేరుతున్నానండీ. మూడున్నరకల్లా ఉంటాను... అక్కాండీ? ఇక్కడే ఉన్నారండీ. తను రానంటున్నారు."

బుడుంగ్‌మని నీటి చప్పుడు. ఫోన్ పోయింది.

"తోస్తే ఊడిపోద్దక్కా ఈ గొలుసు," ప్రభుదాసు తలుపుకి భుజం ఆనించాడు. "నా బండి ఉందిగా. గట్టు దాటకముందే పట్టేస్తాం."

రేకు సందులోంచి చూస్తే బయట లిడియా ఆగింది. విన్నది. మోటారుసైకిలు ముందు నిలబడి, తుపాకి కిందికి వంచింది.

ఢాం!

టైరు పేలిపోయి, బండి పక్కకి కూలింది. చెరువు మీది నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

ఆ రెక్కల చప్పుడు తగ్గేసరికి స్కూటీ చప్పుడు కూడా వినపడడం లేదు.