ఖాజాగూడ గుట్ట మీద రెండు అలుగులు

ఆ రోజు తనిఖీలో ఏడో జీవి దగ్గరికి చేరేసరికి భూలక్ష్మి పదకొండు నిమిషాలు వెనకబడి ఉంది. వంతెన కింది దున్నపోతు పక్కటెముకకు నాడిబిళ్ల ఆనించింది. నీలం వెలిగింది. మలిజీవే. తోలు మీది చెమట, ఈగలను తోలే తోక, అన్నీ శిల్పశాలలో పోసినవే. సెలవు రోజు కావడంతో జనం దాని కొమ్ములు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఊరంతా మలిజీవులను వెతికే ఆటలో, జంతువు దొరికినప్పుడల్లా వాళ్ల జాడపలకల మీద ఒక చుక్క పడుతోంది.

నగరంలో మలిజీవులు నాలుగు వేల ఆరు వందలు. తల్లికి పుట్టిన తొలిజీవి ఒక్కటి కూడా ఉండకూడదు. జంతువుల నుంచి పొలిమేర జ్వరం వచ్చిన ఏడాది నుంచి అదే చట్టం. బిళ్ల ఎర్రగా వెలిగితే పట్టుబండి వచ్చి జంతువును నగరం బయటి వెలిసీమకు తీసుకుపోతుంది. ఆరేళ్ల ఉద్యోగంలో భూలక్ష్మి ఎరుపు చూసింది ఒక్కసారే, ఒక ముంగిస మీద. రెండు నెలల కిందట ఏదో పని మీద వెలిసీమకు వెళ్లినప్పుడు దాని సంగతి అడిగింది. అక్కడ బోన్లన్నీ కడిగి ఆరబెట్టి ఉన్నాయి.

"ఈడికొచ్చినయి ఒక్కటి గూడ మిగలయమ్మా," అన్నాడు కాపలాదారు.

అప్పటి నుంచి ఆమెకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. తింటున్నా, నడుస్తున్నా చేతివేళ్లు బిళ్లను తిప్పుతూనే ఉంటాయి.

చెవిలో పర్యవేక్షకుడు నరహరి గొంతు పలికింది. "ఖాజాగూడ గుట్ట మీద అలుగు ఒక్కటే ఉండాలె. ఎవరో పెద్దాయన రెండున్నయని చెప్తున్నడు. జర జల్ది చూడు. బండిని గూడ పంపుతున్న."

గుట్ట మీద కొత్త బాట కోసం నిన్ననే బండలు పగలగొట్టారు. రాతిపొడి ఇంకా గాలిలో ఉంది. ఆ బాట చివర ఐలయ్య అనే ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరట. ఆయన ముందు చీమలు తినే పొలుసుల జంతువు, అలుగు ఒకటి బండ మీద పాకుతూ, ఆగుతూ, మళ్లీ అదే దారిన పాకుతోంది. దానికి నాలుగడుగుల దూరంలో, ఎండలో, మరొకటి బంతిలా చుట్టుకుని ఉంది.

"రెండోది మస్తు జేసిన్రు బిడ్డా. ఊపిరి గూడ తీస్తుంది," అన్నాడు ఐలయ్య.

భూలక్ష్మి మోకాళ్ల మీద కూర్చుంది. మట్టి వాసన, ఉచ్చ వాసన. మలిజీవులకు వాసన పోయరు. పొలుసుల సందులోంచి లేత మూతి ఒకటి బయటికి వచ్చి, వెంటనే లోపలికి పోయింది. పిల్ల. పక్కనే వాటి బొరియ నోరు పగిలిన రాళ్లతో పూడిపోయి ఉంది. ఆ రాళ్ల మీద గోళ్ల గీతలు, ఎండిన నెత్తురు.

ఆమె మొహం చూసి ఐలయ్యకు అర్థమైంది. "అయ్యో, నేనే చెప్పిన గద. దీన్ని తీస్కపోతరా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కింద మలుపులో పట్టుబండి గుట్ట ఎక్కుతూ కనబడుతోంది.

"బిళ్ల పెట్టినవా?" అన్నాడు నరహరి.

భూలక్ష్మి పాకుతున్న అలుగు వీపుకు బిళ్ల ఆనించింది. నీలం. మలి 2217. తీసింది. లోలోపల పది లెక్కపెట్టి, అదే వీపుకు మళ్లీ ఆనించింది. నీలం. మలి 2217.

"రెండూ నీలమే సార్."

"రెంటికీ ఒక్కటే నంబరెట్లుంటది?"

"బిళ్ల చూపెట్టిందే చెప్తున్న."

 కింద బండి ఆగిపోయింది. ఒక అబద్ధం చెప్పి ఈ ఒక్క తల్లిని దాటిద్దామనుకుంది తప్ప భూలక్ష్మి అంతకు మించి ఆలోచించలేదు.

నరహరి గొంతు మారిపోయింది. "ఏం జేసినవ్? ఒక నంబరు రెండు ఒళ్ల మీదుంటే బండ్లను నడిపే యంత్రం ఇంక దేన్నీ నమ్మదు. పట్టుబండ్లు అన్నీ ఆగినయి, నగరం మొత్తం. ఒక్కొక్కదాన్ని మళ్లీ చేత్తోని చూసేదాక కదలవు."

ఆమె బిళ్లను జేబులో వేసుకుని బొరియ మీది రాయి ఒకటి లాగింది. కదల్లేదు. ఐలయ్య వచ్చి రెండో వైపు పట్టాడు. ఇద్దరూ కలిసి దాన్ని పక్కకు దొర్లించారు.

నరహరి అందరి చెవులకూ పలికే ఉమ్మడి తీగలో, ఆమెలా బిళ్ల పట్టే నిర్ధారకులందరినీ అడుగుతున్నాడు: "ఇంకెవలికన్న ఇట్ల వచ్చిందా? రాలేదంటే చాలు, ఇది ఆమె తప్పని రాసేస్త."

 భూలక్ష్మి చేతిలో మరో రాయి అలాగే ఉండిపోయింది.

"నాకొచ్చింది సార్." మౌలాలి వైపు జీవులను చూసే ఖాజా మొయినుద్దీన్. ఆరేళ్లుగా ఆ తీగలో నంబర్లు తప్ప మరో మాట మాట్లాడని మనిషి. "ఒకే నంబరు. రెండు నెమళ్లు." ఆ నంబరేదో మాత్రం చెప్పలేదు.

ఆ వెంటనే ఉప్పల్ నుంచి ఎవరో ఆడమనిషి గొంతు సవరించుకుంది. "నాకు గూడ వచ్చింది సార్."