ఎర్ర అద్దం లాంతరు

యాకుత్‌పురా స్టేషను ఎదుట, చాయ్ హోటలు మీది గదిలో డిటెక్టివ్ విశ్వేశ్వర్ ఆఫీసు. ఆఫీసు అంటే జాఫర్ సంతోషిస్తాడు గనుక అలాగే అందాం. నిజానికి ఉన్నవి రెండు కుర్చీలు, ఒక బల్ల, కింది నుంచి వచ్చే చాయ్ వాసన. జాఫర్ ఒకప్పుడు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. విశ్వేశ్వర్ ఒక కేసు తేల్చడం కళ్లారా చూసి, ఆ ఉద్యోగానికి సలాం కొట్టి ఈయన వెంట పడ్డాడు. లోకంలో తన సాబ్‌కు తెలియనిది ఉండదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి విశ్వేశ్వర్ ఎన్నడూ ప్రయత్నించలేదు.

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన కుర్రవాణ్ణి చూసి జాఫర్ లేచి నిలబడ్డాడు. షేర్వానీ గుండీలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకొకదానికి పెట్టుకున్నాడు. మందునీళ్లలో నానిన గోళ్లు గోధుమరంగుకు తిరిగాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నా పేరు తాహిర్, సాబ్. గౌలిపుర సినిమా బడిల చదువుతున్న. ఇప్పుడే మూసీ పుల్ మీదికెల్లి వస్తున్న. దునుకుదామనే పోయిన. కాళ్లు కదలలె."

విశ్వేశ్వర్ చాయ్ తెప్పించాడు. ఎంత బతిమాలినా కుర్రవాడు కప్పు ముట్టుకోలేదు గానీ కథ మాత్రం చెప్పాడు.

మూగ సినిమాల కాలంలో కలకత్తాలో కెమెరా పట్టిన కృష్ణయ్య మాస్టరు, గౌలిపురలో ధాన్యం వ్యాపారి గుండయ్య సేఠ్ ఇంటి ముందు భాగంలో ఆ బడి నడుపుతున్నాడు. యుద్ధం వచ్చి ముడి ఫిలిం దొరకడం గగనమైపోయింది. సేఠ్ ఎవరెవరి కాళ్లో పట్టుకుని బొంబాయి నుంచి ఒక్క డబ్బా తెప్పించాడు. దాని మీద విద్యార్థులంతా కలిసి పాతబస్తీ గురించి చిన్న చిత్రం తీశారు. రేపు బొంబాయి స్టూడియో మనిషి వచ్చి అది చూసి, బాగుంటే ఒకరికి పని ఇస్తాడు. నిన్న మాస్టరూ తాహిరూ చీకటి గదిలో, బొమ్మలు తేలడానికి ఫిలింను మందునీళ్లలో కడిగారు. బయటికి తీసి చూస్తే మొదటి నుంచి చివరిదాకా నలుపే. ఒక్క బొమ్మ లేదు.

చీకటి గది తాళంచెవి తాహిర్ దగ్గర ఉంటుంది. ఫిలిం డబ్బా మూత సరిగా పెట్టక వెలుతురు జొచ్చిందని మాస్టరు అన్నాడు. కావాలనే పాడు చేశాడని సేఠ్ అన్నాడు. సాయంత్రంలోపల ఒప్పుకోకపోతే కొత్వాలికి అప్పగిస్తానన్నాడు.

"కొత్వాలికి భయం లేదు సాబ్. ఫిలిం తగలబెట్టినోడని ఒకసారి పేరొస్తే, ఇగ ఎవడూ నా చేతికి డబ్బా ఇయ్యడు. నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. మూత నేను మంచిగనే పెట్టిన, ఖుదా కసం."

"చచ్చిపోతే నువ్వే చేశావని ఖాయమైపోయేది," అన్నాడు విశ్వేశ్వర్ గొడుగు అందుకుంటూ. "గుండీలు సరిగా పెట్టుకో. పోదాం."

గౌలిపురలో పాలవాళ్ల ఇళ్ల మధ్య సేఠ్ ఇల్లు పెద్దది. ముందు వాకిలి, ఒక పక్క బడి గదులు, ఎదురుగా మేడ మీద జాలీ కిటికీ. కృష్ణయ్య మాస్టరు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఒక్క రాత్రిలో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. వైకుంఠం అనే యువకుడు ఆయనకు మంచినీళ్లిచ్చి పక్కన నిలబడ్డాడు. బడిలో మొదటి జట్టులో చదివి, చదువయ్యాక మాస్టరుకు కుడిభుజంగా ఇక్కడే ఉండిపోయినవాడు. ఫిలిం కోయడం, అతకడం పిల్లలకు నేర్పేది అతనే. తాహిర్‌ను చూసి అతను కోపంగా మొహం తిప్పుకున్నాడు. ఆ కోపం నటన కాదని జాఫర్‌కు అనిపించింది.

ఫిలిం చుట్టను జాఫర్ చేతుల్లో పెట్టి, మొత్తం వేళ్ల మధ్య నుంచి పోనిమ్మన్నాడు విశ్వేశ్వర్. తాను తీరిగ్గా మాస్టరును ప్రశ్నలు అడిగాడు.

"తాహిర్‌కే తాళంచెవి ఎందుకిచ్చారు? వైకుంఠం పెద్దవాడు కదా?"

"ఫిలిం వచ్చిన దినాల్ల వైకుంఠం మాదన్నపేటల వాళ్లమ్మ దగ్గర జరమొచ్చి పడి ఉండె. మంచం మీదికెల్లి లేవలె. ఇగ కెమెరా, తాళంచెవి తాహిర్‌కే ఇచ్చిన. అప్పటికెల్లి వాని దగ్గరనే ఉండె, నిన్ననే గుంజుకున్న."

ఇంకో తాళంచెవి ఉందా అని అడిగితే, అప్పుడే లోపలి నుంచి వచ్చిన గుండయ్య సేఠ్ జవాబిచ్చాడు. ఇల్లు తనది గనుక ప్రతి గదికీ ఇంకోటి ఉంటుంది. అది లోపల ఆడవాళ్ల గుత్తిలో ఉంటుంది. వాళ్లకు చీకటి గదితో ఏం పని అని ఆయనే ఎదురడిగాడు.

చీకటి గదిలో తొట్లు, సీసాలు, గోడకు ఒక కిరసనాయిలు లాంతరు. దానికి ఎర్ర అద్దం. విశ్వేశ్వర్ లాంతరు మీద వేలు పెట్టి చూశాడు. పైన రేకు మీద దుమ్ము గడ్డకట్టి ఉంది. అద్దం మాత్రం తళతళలాడుతోంది. ఇది ఎప్పుడు వెలిగిస్తారని అడిగితే, కొత్త ఫిలిం వచ్చాక ముట్టుకోలేదని తాహిర్ చెప్పాడు. పాత ఫిలిముకు ఎర్ర వెలుగు కనిపించదట. దాని ముందు హాయిగా పని చేసుకోవచ్చు. ఈ కొత్త రకానికి ఎర్ర వెలుగు కూడా విషమే. అంతా కటిక చీకట్లో, చేతి తడువులాట మీద చేయాలి. డబ్బా వచ్చిన రోజే మాస్టరు అందరినీ వరసగా నిలబెట్టి, లాంతరు ముట్టుకోబోమని ఒట్టు పెట్టించాడట.

అప్పుడే వాకిట్లో నుంచి జాఫర్ పిలిచాడు. ఫిలిం నడిమిలో అతని వేలికి చిన్న గట్టు తగిలింది. చూస్తే అతుకు. ప్రెస్సులో అక్షరం మీద వెంట్రుకంత గరుకును పసిగట్టిన వేళ్లు ఉత్తినే పోలేదని జాఫర్ లోలోపల పొంగిపోయాడు. అతుకు పక్కనే ఒక చిల్లు కూడా ఉంది. ఒక దృశ్యం అయిపోయిందని గుర్తుకు కెమెరాలోనే చిల్లు పొడుస్తామని, చీకట్లో వేలితో లెక్కపెట్టుకోవడానికని తాహిర్ చెప్పాడు. మొదటి నుంచి చిల్లులు లెక్కపెట్టిస్తే, అతుకు మాదన్నపేట మార్కెట్టు దృశ్యం తర్వాత ఉందని తేలింది. అతుకు సంగతి అడిగేసరికి అతని మొహంలో నెత్తురు లేదు.

"కెమెరాలో పెట్టింది ఒకే ముక్కా?"

"ఒక్కటే సాబ్."

"మాదన్నపేట కూరగాయల మార్కెట్టు తర్వాత ఏం తీశావు?"

తాహిర్ మేడ దిక్కు చూడబోయి, చూడకుండా తల వంచుకున్నాడు. "యాకుత్‌పురా స్టేషన్," అన్నాడు. ఎంత అడిగినా అదే మాట. మూసీలో దూకబోయినవాడు కూడా అబద్ధమాడగలడా అని జాఫర్‌కు కష్టమేసింది. విశ్వేశ్వర్ మాత్రం అతని భుజం తట్టి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక విశ్వేశ్వర్ అందరినీ వాకిట్లోకి పిలిచాడు. మాస్టరు, సేఠ్, వైకుంఠం, తాహిర్. లోపలివాళ్లు కూడా వినాలని సేఠ్‌ను కోరాడు. తలుపు పరదా వెనక గాజులు చప్పుడయ్యాయి.

మొదలు పెట్టేముందు మాస్టరును అడిగి, చిత్రం తీయగా మిగిలిన కొసరు ఫిలిం ఉన్న డబ్బా తెప్పించాడు. దాన్ని వైకుంఠం చేతికిచ్చి, జానెడు ముక్క కోసి తెమ్మన్నాడు. వైకుంఠం చీకటి గదిలోకి వెళ్లాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. గుమ్మంలో ఎర్రటి వెలుగు పడింది.

కృష్ణయ్య మాస్టరు గుండెలు బాదుకుంటూ పరిగెత్తాడు. "దీపం ఆర్పు వైకుంఠం. కొత్త ఫిలింకు లాంతరు పెడతారా?"

వైకుంఠం లాంతరు పట్టుకుని బయటికి వచ్చాడు. డబ్బా ఇంకా తెరవలేదు. అతని మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత అర్థం కావడం, ఆ తర్వాత చూడలేనిదేదో కనిపించాయి.

"లాంతరు పెట్టొద్దా మాస్టర్ సాబ్? నాకెవరూ చెప్పలె."

"కూర్చో నాయనా," అన్నాడు విశ్వేశ్వర్. ఆ గొంతులో గెలిచినవాడి గర్వం లేదు.

తర్వాత ఆయన విడమరిచి చెప్పాడు. "మూత వదులైతే చుట్టలో పై వరసలు, అంచులు కాలతాయి, లోపల బొమ్మలు బతుకుతాయి. ఇక్కడ మొత్తం ఒకేలా నల్లబడింది. అంటే ఎవరో చుట్టనంతా విప్పారు. దొంగైతే మామూలు దీపం పెట్టేవాడు. ఈ బడి పిల్లవాడైతే దీపమే పెట్టడు, ఒట్టేశాడు కనుక. శుభ్రంగా ఎర్ర అద్దం తుడిచి, జాగ్రత్తగా లాంతరు వెలిగించి ఫిలిం తీసినవాడు, దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాడు. పాత ఫిలిం సంగతి బాగా తెలిసి, కొత్త ఫిలిం సంగతి విననివాడు. మాస్టరు ఒట్టు పెట్టించిన రోజు జ్వరంతో మంచంలో ఉన్నది ఒక్కడే. లేచి వచ్చాక అతనికి ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు? ఈ పని వాళ్లకు నేర్పిందే అతను. అతనికి తెలియనిది ఉంటుందని ఎవరికీ తట్టలేదు."

నిన్నటి నుంచి తాహిర్‌ను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు మాస్టరు మీదికే తిరిగి వచ్చినట్టున్నాయి.

"తాహిర్ జుమ్మా నమాజుకు పోయినప్పుడు," అన్నాడు వైకుంఠం నేల చూస్తూ, "చిల్లులు లెక్కపెట్టుకుంట ఒక్క ముక్క కోసిన. మంచిగ అతికిన. ఒక్క ముక్కనే. ఫిలిం నల్లగైందంటే, తాహిరే మూత పెట్టలేదనుకున్న. వాన్ని తిట్టిన. నేనే తగలబెట్టిన అని ఇప్పుడే తెలిసింది." మోకాళ్ల మధ్య తల దూర్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడాది చదువు, రేపటి ఆశ, దొరకక దొరికిన ఫిలిం, అన్నీ తన చేత్తోనే పోయాయని తెలిసినవాడి ఏడుపు అది. జాఫర్ చూడలేకపోయాడు.

గుండయ్య సేఠ్ లేచాడు. "గది ఎట్ల తెరిచినవ్? ఏం ముక్క? ఎందుకు కోసినవ్?"

వైకుంఠం తల అడ్డంగా ఊపాడు. సేఠ్ విశ్వేశ్వర్ దిక్కు తిరిగాడు.

"ఎలా జరిగిందో చెప్పాను," అన్నాడు విశ్వేశ్వర్. "తాహిర్ తప్పు లేదని తేలింది. నాకు పని అప్పజెప్పింది అతను. నా పని అంతవరకే."

"అయితే నాది మిగిలింది. వీడే పోతడు కొత్వాలికి. అక్కడ చెప్తడు ఎందుకు కోసిండో."

వైకుంఠం లేచి చేతులు ముందుకు చాపాడు, కట్టి తీసుకుపొమ్మన్నట్టు. తాహిర్ ఒక్క అడుగు వేసి ఆగాడు. పరదా దిక్కు చూసి తల వంచుకున్నాడు. వీళ్లిద్దరూ ఒకే సంగతిని పళ్ల మధ్య బిగబట్టుకున్నారని జాఫర్‌కు అప్పుడు తెలిసింది.

పరదా తొలగింది. సేఠ్ కూతురు కమల బయటికి వచ్చింది. పరాయి మగవాళ్ల ముందు ఆ గడప దాటడం ఆమెకు అదే మొదటిసారి కావచ్చు.

"తాళంచెవి నేనే ఇచ్చిన, బాపూ. ముక్క నా దగ్గరనే ఉంది."

"నీకెందుకు బిడ్డా?"

"అందుల నేనున్న. కెమెరా కిటికీ దిక్కు తిప్పమని నేనే అడిగిన. తాహిర్ భాయ్ వద్దనే అన్నడు, నేనే బతిమాలిన. తల మీది కొంగు తీసి నవ్విన. తర్వాత నువ్వు సేఠ్‌లందరిని పిలిచి వాకిట్ల సినిమా చూపిస్త అంటివి. నాకు పానం పోయినట్టైంది. తాహిర్ భాయిని అడిగితే, డబ్బా తెరిస్తే మాస్టర్ సాబ్‌కు చెప్పాలన్నడు. అందుకే వైకుంఠమన్న కాళ్లు పట్టుకున్న. ఇద్దరు నా కోసమే నోరు మూసుకున్నరు. కొత్వాలికి పంపుతే నన్ను పంపు."

కొంగు ముడి విప్పి ఫిలిం ముక్క తండ్రి చేతిలో పెట్టింది. గుండయ్య దాన్ని ఎండకెత్తి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మందునీళ్లలో కడగని ముక్క, మురికి రంగు తప్ప ఏమీ లేదు.

"ఇందుల ఏం లేదు గదా బిడ్డా."

"ఉండె, బాపూ."

సేఠ్ ఆ ముక్కను మళ్లీ ఒకసారి ఎండకెత్తాడు. తర్వాత, పొద్దున కొత్వాలికి పంపుతానన్న కుర్రవాడిని అడిగాడు. "నువ్వు చూసినవా?"

"కెమెరాల నుంచి చూసిన, సేఠ్ సాబ్," అన్నాడు తాహిర్.

"ఎట్లుండె?"

"మేం తీసిన దాంట్ల మంచిగున్నది అదొక్కటే."

సేఠ్ వైకుంఠాన్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. కొత్వాలి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ముక్కను పారేస్తాడని జాఫర్ అనుకున్నాడు. పారేయలేదు, జేబులో పెట్టుకున్నాడు. లోపలికి నడిచాడు. వెనకే కమల తల వంచుకుని వెళ్లింది. పరదా పడింది.

మాస్టరు తాహిర్ దగ్గరికి వచ్చి, లాక్కున్న తాళంచెవిని మళ్లీ అతని చేతిలో పెట్టాడు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. రేపు బొంబాయి మనిషి వస్తాడు. చూపించడానికి ఒక నల్లటి చుట్ట తప్ప ఏమీ లేదు. అయినా తాహిర్ ఆ తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

గల్లీలోకి వచ్చాక జాఫర్ సాబ్‌ను మెచ్చుకోబోయాడు. ఎప్పటి మాటలు ఆ రోజు నోటికి రాలేదు. కేసు తేలింది, ఒక ప్రాణం నిలబడింది. అయినా ఎవరినో అప్పగించి వస్తున్నట్టే ఉంది.

"ఆ పిల్ల చెప్పకపోతే మీరు చెప్పేవారా సాబ్?"

"చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు విశ్వేశ్వర్. "అది ఆమెకు కూడా తెలుసు. తెలిసే బయటికి వచ్చింది."

జాఫర్ వెనక్కి తిరిగి చూశాడు. మేడ మీద కిటికీ తలుపులను సేఠ్ తన చేతులతో ఒక్కొక్కటే మూస్తున్నాడు. కింద వాకిట్లో తాహిర్ తలెత్తి, కెమెరా ఇంకా కంటి దగ్గరే ఉన్నట్టు ఆ కిటికీనే చూస్తున్నాడు.