వెనకే ఉన్నారు

నవ్వకండి. మిమ్మల్నే అంటున్నాను. పనిలోకి రాని స్నేహితుడి పేరుకి ఎదురుగా మీ చేత్తో సంతకం గీకేసి, "దీంతో ఎవరికేం పోయింది" అనుకుంటూ తాపీగా టీ తాగినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అబద్ధాల్లో చిన్నవీ పెద్దవీ అని మీరే కొలతలు పెట్టుకున్నారు. లేని మనిషిని ఉన్నాడని చెబితే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుందని మీ ధీమా. ఉండదు. కూర్చుని వినండి, మధ్యలో లేవకండి.

ఒక నూలు మిల్లు టైమాఫీసులో గుమాస్తా ఒకడుండేవాడు. పొద్దున్నే గేటు పక్కన కూర్చుని ఎవరొచ్చారో, ఎవరు రాలేదో పుస్తకంలో రాయడం అతని పని. అడిగిన ప్రతివాడికీ హాజరు వేసేవాడు. జ్వరమన్నా వేసేవాడు, సినిమా అన్నా వేసేవాడు. అందుకే మిల్లంతా అతన్ని హాజరయ్య అని పిలిచేది. అతను ఆ పేరుకి మురిసిపోయేవాడు. అతని భార్యకు మాత్రం ఆ పేరు వింటేనే చిరాకు. ఆమె బడిలో చిన్నపిల్లలకు చేతిరాత దిద్దించే పంతులమ్మ. గీత తప్పితే చెరిపించి మళ్ళీ రాయించే మనిషి. అలాంటి మనిషి కూడా ముప్పై ఏళ్ళ కాపురంలో మెత్తబడిపోయింది. అదీ తప్పే.

ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగాలు మానారు. ఇంటి తాళం ఎదురింటి దర్జీకి అప్పగించి, పాత ఎర్ర కారులో బయల్దేరారు. రెండు రోజులు రోడ్డు మీద తీరుబడిగా తిరుగుతూ రేవు చేరడం, అక్కడ కారు వదిలి వారం రోజులు విహార ఓడలో గడపడం, ఇదీ వాళ్ళ ఏర్పాటు.

దారంతా సరదాగానే సాగింది. ఆమె ఒళ్ళో మ్యాపు, చేతిలో వలిచిన నారింజ తొనలు.

"మ్యాపు తలకిందులుగా పట్టుకున్నావోయ్."

"ఊరే తలకిందులుగా ఉంటే నేనేం చేయను. ముందు చూసి నడపండి, ఆ గేదె మీకు దారివ్వదు."

"నీకన్నా నయమే, హారన్ కొడితే కదులుతుంది."

మూడో రోజు మధ్యాహ్నం ఓడ ఎక్కారు. వాళ్ళ గది కింది అంతస్తులో, ఓడకు నడిబొడ్డున ఉంది. కిటికీ లేదు. దీపం ఆర్పితే పట్టపగలు కూడా కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. గోడల వెనక ఎక్కడో ఇంజను గురక. కొత్త రంగు వాసన, దాని అడుగున సన్నగా తడిసిన తాడు వాసన.

ఓడ కదిలే ముందు సైరన్ మోగింది. ప్రయాణికులంతా లైఫ్ జాకెట్లు వేసుకుని డెక్ మీదికి రావాలని, ప్రతి మనిషినీ కళ్ళారా చూసి, ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన కార్డు నమోదు చేస్తామని, ప్రమాదం వస్తే ఎవరెక్కడున్నారో తెలియడానికి ఆ లెక్కే ఆధారమని మైకులో చెప్పారు.

హాజరయ్య అప్పటికే బూట్లు విప్పి మంచం మీద వాలిపోయాడు.

"రెండు కార్డులూ నువ్వే పట్టుకెళ్ళు. అడిగితే వెనకే ఉన్నారని చెప్పు."

"చూసి రాసుకుంటారటండీ."

"ఎవడు చూస్తాడు? ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నాకు చెప్పకు. పుస్తకం నిండితే చాలు వాళ్ళకి."

ఆమె గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. వద్దు, లేవండి అనవచ్చు. అనలేదు. వెళ్ళింది.

డెక్ మీద జనం బారులు తీరి ఉన్నారు. జాబితా పట్టుకున్న ఉద్యోగిని, ఇరవై ఐదేళ్ళ పిల్ల, ఒక్కొక్కరి మొహం చూసి కార్డును యంత్రానికి ఆనిస్తోంది. వరసలో ఆమే చివర. ఆమె వెనక ఇక ఓడ అంచు కమ్మీలు, వాటి అవతల సముద్రం.

"ఇంకొకరు ఎక్కడమ్మా?"

"వెనకే ఉన్నారు."

ఆ పిల్ల తలెత్తి ఆమె భుజం మీదుగా చూసింది. కొంచెం పైకి చూసింది. తల ఊపి రెండో కార్డు కూడా ఆనించింది. యంత్రం కుయ్యిమంది.

పంతులమ్మకు గుండె తేలికపడింది. ఇంత సులువా అనుకుంది.

"అమ్మా, ఒక్క మాట," అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. "సార్‌ని చెప్పులు వేసుకోమనండి. కాళ్ళు తడిగా ఉన్నాయి, డెక్ మీద జారుతుంది."

ఆమె వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు. పలకల మీద చారెడు నీళ్ళు మాత్రం ఉన్నాయి.

గదికి వచ్చి చెబితే హాజరయ్య పగలబడి నవ్వాడు. "చూశావా, పని ఒత్తిడిలో ఎవణ్ణో చూసి నేననుకుంది. నా శిష్యురాలు."

గది తాళం కూడా ఆ కార్డే. మర్నాడు అతని కార్డుకి తలుపు తెరుచుకోలేదు. కౌంటర్‌లో అడిగితే, కార్డు బాగానే ఉంది, మీరు లోపలే ఉన్నట్టు చూపిస్తోంది అన్నారు. భోజనాల హాల్లో వడ్డించేవాడు అతని ముందు కంచం పెట్టలేదు. పిలిస్తే వినపడనట్టు వెళ్ళిపోయాడు. ఆమె పిలిచి అడిగితే, "సార్ ఇందాకే తిన్నారు కదమ్మా" అన్నాడు.

"నా పేరు మీద ఎవడో బాగా మేస్తున్నాడే," అన్నాడు హాజరయ్య. నవ్వాడు గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

ఓడలో మూడో రోజుకి ఎవరూ అతనికి పక్కకు తప్పుకోవడం లేదు. మెట్ల మీద మనుషులు వచ్చి గుద్దుకుని, దేనికి తగిలామా అని గోడవైపు చూసి వెళ్ళిపోతున్నారు. అతను జోకులు మానేశాడు. ఆ సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు నన్ను చూస్తున్నావు కదూ?" అన్నాడు మెల్లగా.

"అవేం మాటలండీ," అంది. అంది గానీ ఆ చెయ్యి పొడిగా, బరువు లేకుండా, కాగితంలా ఉంది. రేపు పొద్దున వెళ్ళి ఉన్నమాట చెప్పేస్తాను అనుకుంది. తెల్లవారాక పరువు అడ్డొచ్చింది. బడిపిల్లలకు నిజం చెప్పమని నేర్పిన నోటితో, నేను అబద్ధమాడానని కార్డులు చూసిన ఆ చిన్నపిల్ల ముందు ఎలా ఒప్పుకోవాలి? మధ్యాహ్నం చెబుదాంలే అనుకుంది.

ఆ రోజు పొగమంచు కమ్మింది. రెండు నిమిషాలకోసారి ఓడ బూర మోగుతోంది. భోజనం అయ్యాక హాజరయ్య గాలి కోసం పైకి వెళ్ళాడు. ఆమె గదికి వచ్చి దీపం ఆర్పి పడుకుంది.

కొంతసేపటికి తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసుకున్న చప్పుడు. పరుపు పక్కన కుంగింది.

"అప్పుడే వచ్చేశారా?"

"ఊఁ."

ఆమె అటు తిరిగి కన్ను మూసింది. బూర మోగింది... ఆగింది... మోగింది. నిద్రలో చలేసింది. దుప్పటి లాక్కోబోతే అది తడిగా, బరువుగా తగిలింది. తడిసిన తాడు వాసన ముక్కుల్లోకి గుప్పుమంది.

అప్పుడు తలుపు మీద ఎవరో తట్టారు.

"ఏమోయ్... తలుపు తియ్యి. కార్డు పనిచేయడం లేదు."

హాజరయ్య గొంతు. బయటనుంచి.

ఆమె కదల్లేదు. ఊపిరి బిగబట్టింది. పక్కన ఊపిరి వినిపిస్తోంది. నిదానంగా. లోపలికి వెళ్ళేటప్పుడు బుడబుడమంటూ...

"తియ్యవోయ్. ఇక్కడెవరూ నన్ను... తలుపు తియ్యి."

ఆమె ఒక కాలు కిందికి జార్చింది. వేళ్ళు నేలను తాకాయి. అంతే. ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. గట్టిగా పట్టుకోలేదు. ఊరికే పడింది. ఐసుగడ్డలా ఉంది. చెవి పక్కన, అచ్చం ఆమె భర్త గొంతే, నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు...

"వద్దు. లెక్క సరిపోయింది."

బయట తట్టడం ఎక్కువైంది. రెండు చేతులతో తడుతున్నాడు. ఆమె అరుద్దామనుకుంది. మణికట్టు మీది చెయ్యి ఇంకాస్త బరువెక్కింది. తట్టడం మెల్లగా పల్చబడింది. తలుపు దగ్గరనుంచి కాదు, నేల కిందనుంచి వస్తున్నట్టు... ఇంకా కిందనుంచి... తరవాత ఇంజను గురక ఒక్కటే మిగిలింది.

మణికట్టు మీద బరువు ఎప్పుడు పోయిందో తెలియదు. దీపం వేసింది. పక్కన పరుపు మనిషి ఆకారంలో తడిసి ఉంది. తలుపు తీస్తే నడవా పొడుగునా ఎవరూ లేరు.

పరుగున కౌంటర్‌కి వెళ్ళింది. జుట్టు నెరిసిన ఓడ అధికారి యంత్రం చూశాడు.

"మీవారు గదిలోనే ఉన్నారమ్మా. ఎక్కినవాళ్ళంతా ఓడలో ఉన్నారు. ఒక్కరు తగ్గినా ఓడ ఆపి వెతుకుతాం. ఎవరూ తగ్గలేదు."

ఆమె అప్పుడు చెప్పింది. నిలబడి, నలుగురూ వింటుండగా చెప్పింది. "మొదటి రోజు ఆయన డెక్ మీదికి రాలేదు. నేను అబద్ధమాడాను. ఆ లెక్క తప్పు. దిద్దండి."

అధికారి ఆ ఉద్యోగినిని పిలిపించాడు. ఆ పిల్ల పంతులమ్మ వంక జాలిగా చూసింది.

"వచ్చారు సార్. ఈవిడ వెనకే నిలబడ్డారు. నేను చూసే వేశాను."

"ఎలా ఉంటారాయన?"

చెప్పబోయి ఆగింది. నుదురు రుద్దుకుంది. "మొహం... గుర్తు రావడం లేదు. కానీ వచ్చారు సార్."

చూసినవాళ్ళ మాట ఉండగా చూడనిదాని కోసం ఓడ ఆపరు. డాక్టరు వచ్చి ఆమెకు నిద్రమాత్ర ఇచ్చాడు. ఆమె మింగలేదు. మిగిలిన మూడు రోజులూ ఆ గదిలో పడుకోలేదు, పై అంతస్తులో జనం మధ్య కుర్చీలో కూర్చుంది. భోజనానికి వెళితే ఎదురుగా ఇంకో కంచం పెట్టేవారు. అందులోది ఎవరు తిన్నారో ఆమె చూడలేదు. ఆమె తలెత్తేసరికి కంచం ఖాళీగా ఉండేది.

దిగే రోజు పొద్దున్న గేటు దగ్గర యంత్రం రెండుసార్లు కుయ్యిమంది. కాపలావాడు ఆమె భుజం మీదుగా నవ్వి, "మళ్ళీ రండి సార్" అన్నాడు.

మిల్లులో రానివాళ్ళందరినీ వచ్చారని రాసిన మనిషి ఓడ దిగినట్టు ఓడ వాళ్ళ దగ్గర లెక్క ఉంది. అందువల్ల అతని కోసం ఎవరూ సముద్రంలో వెతకలేదు. పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదు. పోయాడని కాగితం ఇచ్చేవాడు లేడు, ఉన్నాడని చూపించేవాడు లేడు. ఏడవడానికి ఆమెకొక తేదీ కూడా లేదు. అతను చెల్లించింది ఇది. వద్దు అనాల్సిన చోట అనని ఆమె చెల్లించేది ఇంకా అవుతూనే ఉంది.

ఆ రోజు ఆమె ఇల్లు చేరిన సంగతి ఎదురింటి దర్జీ చెబుతాడు. దీపాలు పెట్టే వేళకి ఎర్ర కారు వచ్చి, గేటుకి ఆనుకుని తిన్నగా ఆగిందట. పంతులమ్మ వెనక సీటులోంచి దిగింది. ముందుకు చూడకుండా, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దాలు లోపలనుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. అలసిపోయి ఉంటారు, పొద్దున పలకరిద్దాంలే అనుకుని దర్జీ మిషను మూసుకున్నాడు.

ఆమెకు కారు నడపడం రాదు.