చివరి పడవ లమ్యాయ్‌ది

థాయ్‌లాండ్‌లోని క్రబీ తీరంలో మధ్యాహ్నం మూడింటికి సందడి అణిగింది. సముద్రపు గుహలు చూసొచ్చిన యాత్రికులు పుచ్చకాయ ముక్కలు తిని, ఫొటోలు దిగి, వ్యాన్లెక్కి వెళ్ళిపోయారు. గైడు సంగువన్ మాత్రం రెండు సీట్ల ప్లాస్టిక్ పడవను మళ్ళీ నీళ్ళలోకి లాగాడు. ముందు సీట్లో భార్య లమ్యాయ్ పసుపు టోపీ పెట్టాడు.

పోయిన వానాకాలం ఆ గుహలోనే పోటు ముంచుకొచ్చి లమ్యాయ్ పోయింది. ఆమె కూడా గైడే. ఎప్పుడూ చివరి పడవ ఆమెదే. అందరూ ఎక్కాక మెళ్ళోని విజిల్ ఒక్కసారి పొడుగ్గా ఊదేది, ఎవరూ మిగల్లేదు, నువ్వు కదులు అని ముందు పడవలోని సంగువన్‌కి. ఆ విజిల్‌ను సంగువన్ తన చేత్తోనే ఆమె చితిలో వేశాడు. శరీరం కాలింది గానీ ఆత్మ గుహలోనే చిక్కుకుపోయిందని అత్త చుయెబ్ నమ్మకం. కూతురు రోజూ తడి జుట్టుతో కల్లోకి వచ్చి గుమ్మం బయటే నిలబడుతోందట. చచ్చిన చోటికి అయినవాళ్ళు వెళ్ళి పిలిస్తేనే ఆత్మ ఇంటికొస్తుంది.

"పేరు పెట్టి పిలువు అల్లుడూ. ఒక్క పేరే," అంది అత్త పొద్దున ఇంటి దగ్గర, అగరొత్తి చేతిలో పెడుతూ. "నీది అసలే ఊరందర్నీ భోజనానికి పిలిచే నోరు!"

"పోటొచ్చేలోపు తీసుకొచ్చేస్తా అత్తా."

గుహ కప్పు ఎంత కిందికుంటుందంటే, పడవలో వెల్లకిలా పడుకుని దూరాలి. లోపల పట్టపగలే చీకటి. గబ్బిలాల రెట్ట కంపు, బురద వాసన, ఎక్కడో టప్... టప్... అగరొత్తి వెలిగించాడు.

"లమ్యాయ్... ఇంటికి పోదాం రా."

మళ్ళీ పిలిచాడు. పోటు మొదలైంది. కాసేపట్లో దారి మూసుకుపోతుంది. ఆ కంగారులో, ఇరవై ఏళ్ళుగా అక్కడ అరిచి అరిచి అలవాటైన మాట నోట్లోంచి ఊడిపడింది.

"అందరూ వచ్చేయండి! ఎవ్వరూ వెనక ఉండొద్దు!"

నాలిక కరుచుకున్నాడు.

పడవ ముందు భాగం కిందికి దిగింది... ఎవరో ఎక్కినట్టు. మళ్ళీ దిగింది. మళ్ళీ... ఏడుసార్లు. ఏడోసారి చాలా తేలిగ్గా, పసిపిల్ల ఎక్కినట్టు. అంచు మీంచి నీళ్ళు తొణుకుతున్నాయి.

"లమ్యాయ్, నువ్వేనా?" అన్నాడు గుసగుసగా.

మెడ మీద ఎవరిదో చల్లటి ఊపిరి. ఆమెది కాదు.

అప్పుడు గుహ లోపలి కొస నుంచి విజిల్. ఒక్కటే. పొడుగ్గా...

"నీకోసమే గదే వచ్చాను!" అని బావురుమన్నాడు. వెనక నుంచి ఎవరో పడవను నెట్టారు. అలవాటైన చెయ్యి. వెలుతుర్లో పడి వెనక్కి చూసేసరికి గుహ నోరు నీళ్ళ కింద ఉంది. పసుపు టోపీ లేదు.

ఇంటిదారిలో వంతెన దగ్గర బండి ఆపాడు. చెప్పకపోతే ఆత్మలు వంతెన దాటలేక ఇవతలే నిలబడిపోతాయి. ఆ గుహలో ఎప్పుడెప్పుడో మునిగిపోయినవాళ్ళు, ఎవరి కన్నబిడ్డలో పాపం. "వంతెనొచ్చింది, దాటండి," అన్నాడు ఏడుస్తూనే.

అత్త గుమ్మంలో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. "వచ్చిందా?"

సంగువన్ దారిచ్చి పక్కకు జరిగాడు. మెట్ల మీద తడి అడుగులు పడుతున్నాయి. ఆవిడ వాటిని చూసింది, లోపలికెళ్ళి ఇంకో ఆరు పళ్ళాలు తెచ్చింది. అన్నం, చేప పులుసు వడ్డిస్తూ వడ్డిస్తూ ఏడ్చింది.

"నా పిచ్చితల్లి. అందరూ ఎక్కితే గానీ తను ఎక్కదు."

"రేపు మళ్ళీ వెళ్తానత్తా."

తెల్లారేసరికి పళ్ళాలన్నీ ఖాళీ. అన్నిటికంటే చిన్న అడుగుల ముందున్న పళ్ళెంలో విజిల్ ఉంది, సగం కాలి, తడిగా. దాని తాడు మాత్రం కొత్తది. సరిగ్గా సంగువన్ మెడ కొలతకు ముడి వేసి ఉంది.