గేట్లు నేర్చుకున్న అబద్ధం

ఈస్టర్ ఆదివారం, తొమ్మిదీ నలభై. ఫోన్‌లో చీఫ్ ఎక్కువ మాట్లాడలేదు.

"పది గంటలకు ఆరు గేట్లూ పూర్తిగా లేస్తాయి. ఆపు."

ఏజెంట్ మహిమ నల్లమల కింది డ్యామ్ కంట్రోల్ రూంలోనే ఉంది, స్పేర్ పార్టులమ్మే మనిషి వేషంలో. గేట్లను నడిపేది అడాప్టివ్ కంట్రోలర్. గేటును రోజూ గోరంత కదిపి, ఎంత ఎత్తితే ఎంత నీరు పోతుందో తనంతట తానే నేర్చుకుంటుంది. విదేశీ ముఠా సెన్సార్ వైరుకు అగ్గిపెట్టెంత డబ్బా తగిలించి నలభై రోజులు దానికి అబద్ధం మేపింది. ఒక్కసారిగా పెద్ద అబద్ధం చెబితే అలారం మోగేది. రోజుకు రవ్వంత చొప్పున చెబితే నమ్మింది. గేటు పూర్తిగా ఎత్తినా సన్నటి ధారే పడుతుందని ఇప్పుడు దాని లెక్క. ఈ పదింటికి నలభై రోజుల తర్వాత మొదటి విడుదల; అడిగిన కొద్ది నీళ్లకే ఆరు గేట్లూ ఎత్తేస్తుంది. ఆపుదామంటే ముఠావాళ్లు పాస్‌వర్డ్ మార్చేశారు. కరెంటు తీస్తే గేట్లు వాటంతటవే లేస్తాయి.

కింద ఎండిన ఏట్లో ఆ నీళ్ల కోసమే ముప్పైమంది నిలబడ్డారు, బాప్తిస్మానికి. వాళ్ల పాస్టర్ నెహెమ్యా మహిమకు కన్నతండ్రి. ఆరాధన మొదలైతే సెల్లులన్నీ సంచిలో కట్టి ఆటోలో పెట్టాలన్న రూలు ఆయనదే. మహిమ పదకొండుసార్లు రింగ్ చేసింది. దిగి వెళ్లి చెప్పాలంటే అరగంట. ఏడుపొచ్చింది.

తలుపు తోసుకుని తనూజ వచ్చింది. పట్టుచీర, మల్లెపూలు, ఇక్కడి కంట్రోల్ ఇంజనీరు. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. మహిమ రివాల్వర్ తీయలేదు. కిటికీలోంచి తెల్లబట్టల గుంపును చూపించింది.

తనూజ మొహం పాలిపోయింది. "ఎండిన ఏట్లో ఎవురుంటారులే అనుకుంటి."

"మా నాయన ఉండాడు. డబ్బా యాడ పెట్టినావు?"

డబ్బా పీకినా లాభం లేదని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉంటుందని తనూజ చెప్పింది. దారి ఒక్కటే: నిజం సెన్సార్ కళ్లెదుట గేటును మళ్లీ మళ్లీ కదిలించి దాని చదువు మార్చాలి. డబ్బా తెంచి ఇద్దరూ మొదటి గేటు చేతిచక్రం పట్టుకున్నారు. బెత్తెడు పైకి, బెత్తెడు కిందికి. అరచేతులు పగిలాయి. తెరమీద, పదింటికి గేట్లు లేవాల్సిన ఎత్తు చూపే అంకె తగ్గుతోంది, చాలడం లేదు. తొమ్మిదీ యాభై తొమ్మిదికి కూడా సగం అబద్ధం మిగిలే ఉంది. మహిమ ప్రార్థన మరిచిపోయి చక్రం తిప్పింది. ఆఖరి క్షణాల్లో అంకె జారిపడింది.

పది. మోటార్లు మూలిగాయి. మొదటి గేటు జానెడు లేచి ఆగింది. మిగతావి కదల్లేదు.

తనూజ తనే వెళ్లి డిపార్టుమెంటు జీపులో కూర్చుంది. మహిమ ఏట్లోకి పరిగెత్తింది. మోకాటిలోతు నీళ్లలో నెహెమ్యా మండిపడుతున్నాడు.

"ఈస్టరు పూట చర్చికి రాకుండా యాడ తిరుగుతాండావు పాపా? ఆ గేట్ల కాడోళ్లకు బుద్ధుండాదా? రవ్వన్ని నీళ్లిడిసేది, నిలిపేది. ఆటలాడుకుంటాండారు."

ఆమె రక్తపు చేతులు వెనక్కి దాచుకుంది.

"కొత్తోళ్లు నాయనా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండారు."