సెవస్తి ఇంటికి రంగేసిన దెయ్యం

రేవు మీది మెట్లదారిలో, నీలం ఇంటికీ గులాబీ ఇంటికీ మధ్య వెలిసిపోయి నిలబడ్డ సెవస్తి ఇల్లుందే — చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దని మా గ్రీకు దీవి మగాళ్ళంతా చెప్పేవాళ్ళు. చచ్చిపోయిన సెవస్తి రాత్రిళ్ళు గోడలు గీకుతుందట.

ఈ మాట పుట్టించింది ఆమె కొడుకు స్తామాతిస్.

మా దగ్గర తల్లి ఇల్లు పెద్దకూతురిది. కానీ తల్లి పోయాక వచ్చే మొదటి ఈస్టర్ లోపు ఆ కూతురు దానికి రంగు వేయించాలి. లేదంటే ఆడదిక్కు లేని ఇల్లని కొడుకు తీసేసుకోవచ్చు. పెద్దకూతురు అనెజూలా, తన్నే మొగుణ్ణి పిరేయస్ పట్నంలో వదిలేసి, ఒక్క పెట్టెతో సరిగ్గా ఈస్టర్ వారమే ఓడ దిగింది.

"ఆ దెయ్యాల కొంపలో ఒక్కదానివీ ఎలా ఉంటావక్కా? మా వంటింటి పక్క గదిలో పడుండు. పిల్లల్ని చూసుకున్నట్టూ ఉంటుంది," అన్నాడు తమ్ముడు, తాళంచెవి జేబులో వేసుకుంటూ. రంగులు వేసేవాళ్ళెవరూ పనికి రాలేదు. దెయ్యమంటే భయమట!

ఈస్టర్ ముందు గురువారం రాత్రి. ఆడవాళ్ళంతా తెల్లవార్లూ చర్చిలో క్రీస్తు పాడెకి పూలు గుచ్చే రాత్రి. మగాళ్ళు కాఫీకొట్లో కూర్చునే రాత్రి.

సొరచేపల్ని చెంపదెబ్బ కొట్టానని చెప్పుకునే పంతెలిస్ కెప్టెన్, ఒక్కడే ఆ మెట్లదారి ఎక్కుతున్నాడు.

సర్ర్... సర్ర్...

ఆగాడు. చప్పుడూ ఆగింది.

సెవస్తి ఇంటి గోడ దగ్గర — తెల్లటి ఆకారం. తెల్లటి జుట్టు. తెల్లటి చేతులు. అది మెల్లగా వంగి, చెవిలో చెప్పినట్టు...

"పంతెలీ... నిచ్చెన పట్టుకో నాయనా..."

పైనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

కెప్టెన్ ఒక చెప్పు అక్కడే వదిలేసి రేవుదాకా పరిగెత్తాడు.

తెల్లారేసరికి సెవస్తి ఇల్లు పైకప్పు అంచుదాకా పచ్చగా, నిమ్మపండులా మెరుస్తోంది. తలనిండా సున్నం పొడితో అనెజూలా గుమ్మంలో కూర్చుంది.

"ఎవరు వేశారిది?" అరిచాడు స్తామాతిస్.

"అమ్మ సాయం చేసింది."

"రెండంతస్తులా? ఒక్క రాత్రిలోనా? అబద్ధం!"

"అబద్ధం కాదురా!" కెప్టెన్ ఒంటిచెప్పుతో ముందుకొచ్చాడు. "మీ అమ్మే! నన్ను పేరు పెట్టి పిలిచింది. తాళం ఇచ్చెయ్, లేకపోతే ఈ రాత్రి మీ ఇంటికొస్తుంది!"

దెయ్యం లేదందామంటే ఏడాదిగా ఊరంతా చాటింది తనే. స్తామాతిస్ తాళంచెవి అక్క చేతిలో పెట్టాడు.

శుక్రవారం ఊరేగింపులో, పాడె మీద పూలు ఈసారి పలచగా ఉన్నాయేమని ఫాదర్‌గారు గొణిగారు. కొవ్వొత్తులు పట్టుకున్న మా ఆడవాళ్ళ గోళ్ళనిండా పచ్చరంగు. మగాడు ఒక్కడూ గమనించలేదు. పొద్దున లేస్తే వాళ్ళకి అన్నీ అందించే చేతులవి — వాటినెప్పుడు చూశారు గనక!