రెండో సుడి

ఆసుపత్రి మొలకగదిలో, ఇరవై ఒకటో రోజు జుట్టు మొలకను భూతద్దంలో చూసి నర్సు సత్యవేణి తల పట్టుకుంది. నడినెత్తిన ఒక సుడి, దానికి రెండు వేళ్ళ ఎడంలో ఇంకోటి. సరిచూపు యంత్రం ఎర్రగా వెలిగింది. "పత్రంలో ఒకటి. తలపై రెండు. గీకవలెను."

కుర్చీలో ఉన్నది పైడమ్మ, అరవై రెండేళ్ళ మనిషి. జనపమిల్లులో ఆవిరిగొట్టం పగిలి నెత్తి కాలిపోయింది. గర్భరసం పూస్తే ముదురు చర్మం వయసు మరిచిపోయి తల్లి కడుపులో ఉన్ననాటికి వెళ్తుంది, అప్పటి కుదుళ్ళనే మళ్ళీ పుట్టిస్తుంది. ఆ మొలక, బిడ్డ పుట్టిననాడు రాసిన సుడిపత్రంతో కలవాలి. కలవకపోతే చర్మం దారి తప్పినట్టే, రేపు పుండై కూర్చుంటుందని భయం.

పైడమ్మ తలను ఇప్పటికి రెండుసార్లు గీకింది సత్యవేణే. మూడోసారి గీకితే ఇక మొలవదు, జీవితాంతం బోడే. సత్యవేణికి మతి పోతోంది. దారి తప్పిన చర్మం ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంది. ఇదేమిటి, మూడుసార్లూ అదే చోట, అదే మెలిక?

"ఈ రెండోది ఎక్కణ్ణించి వస్తోందమ్మా?" అని పైకే అనేసింది.

"అది నా పుట్టుకతోనే ఉంది గదమ్మా," అంది పైడమ్మ తాపీగా. "రెండు సుడులుంటే రెండు పెల్లిల్లంతారు. నాకు సంబందాలు రావేమోనని మా నానమ్మ ఒకటేనని రాయించీసింది. రెండో పెల్లి ఇంకా అవనేదు గానీ."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవులడిగారు? మీరంతా ఆ మిసను మాటే ఇన్నారు."

సత్యవేణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముసలావిడ మాట నమ్మాలా, పత్రాన్ని నమ్మాలా? నమ్మి పుండైతే ఎవరు దిక్కు? ఆ మొలక మీద వేలు పెట్టి చూసింది. మెత్తగా, పసిబిడ్డ జుట్టులా ఉంది. గీకుడుకత్తి పక్కన పెట్టేసి, యంత్రం తెర మీద, గీకకపోతే కారణం రాయమన్న చోట రాసింది: "చర్మం సరైనదే. పత్రం తప్పు."

అలా ఇంతవరకు ఎవరూ రాయలేదు. యంత్రం పక్క మొలకగదుల్లోని కరెంటు గీకుడుకత్తులన్నిటినీ ఒకటొకటిగా ఆపేసింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "పత్రంతో కలవలేదని మూడుసార్లు గీకిన తలలు తొమ్మిది. వీటిలో తప్పు ఎవరిది?"

కింద పేర్లు. చివరి పేరు నీలవేణి, పందొమ్మిదేళ్ళు. మొన్న మంగళవారం సత్యవేణి తన చేత్తోనే గీకింది. ఆ పిల్లకీ మూడుసార్లూ రెండు సుడులే. అద్దం చూసుకుని ఏడుస్తుంటే, "నీ చర్మం మాట వినలేదు తల్లీ" అని తానే ఓదార్చింది.

"నా జుట్టు ఉంచుతావా, తీసేత్తావా?" అడిగింది పైడమ్మ.

"ఉంచుతానమ్మా," అంది సత్యవేణి. నీలవేణి ఫోన్ నంబరు వెతికి నొక్కింది. అవతల "హలో" అన్న గొంతు విన్నాక, "నీ చర్మం మాట వింది తల్లీ. విననిది నేనే" అంది.